లోపల వదిలిన గుడ్డ

ఉత్తరాలాయన పొద్దున్నే వాగు దాటుతున్నాడు. కుర్చీలో కూర్చునే.

వాగు మోకాలి లోతా, నడుము లోతా అన్న దగ్గర కలం ఆగింది. కొండల నుంచి వచ్చిన చీటీలో ఆ సంగతి లేదు. "వాన. వాగు దాటి వెళ్ళాం. ఇద్దరికి జ్వరం. బండి టైరు పోయింది. ప్రార్థించండి" అని నాలుగు ముక్కలు గిలికి, కింద సంతకం పెట్టి పంపాడు అక్కడి పనివాడు. ఆ నాలుగు ముక్కల్నీ రెండు పేజీల ఉత్తరం చెయ్యాలి. నడుము లోతని రాస్తే చదివే ముసలమ్మలకు నిద్ర పట్టదు. చీలమండ లోతంటే ఆ మాత్రానికి ప్రార్థనెందుకు అనుకుంటారు. కాసేపు కలం చివర కొరికి, మోకాలి లోతు ఖాయం చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన దాటిన వాగులన్నీ మోకాలి లోతువే.

ఉత్తరాల గది మిషన్ ఆఫీసులో కింది అంతస్తులో, మెట్ల కింద ఉంది. తలుపు తీస్తే బల్లకు తగులుతుంది. బల్ల జరిపితే బీరువా తెరుచుకోదు. కిటికీ ఉందిగాని దానికెదురుగా పక్క భవనం గోడ. పై మెట్ల మీద ఎవరు ఎక్కినా ఎవరు దిగినా నెత్తిమీద నడిచినట్టే ఉంటుంది. అడుగుల చప్పుడును బట్టి ఎక్కేది టైపిస్టా, తుడిచే మనిషా, ఇన్‌చార్జి గారా అన్నది ఆయన తలెత్తకుండా చెప్పగలడు. బల్లమీద జిగురు సీసా, స్టాంపులు తడిపే స్పాంజి డబ్బా, రంగు రంగుల సిరాబుడ్లు నాలుగు. నాలుగు సిరాలెందుకంటే, పనివాళ్ళందరినీ ఆ నాలుగింటికీ పంచాడు, రాత మటుకు ఎవరిది వాళ్ళదే. కొండ మీద ఆసుపత్రి నడిపే నర్సమ్మది గుండ్రటి రాత. బడి పంతులుది కుడివైపు వాలిన రాత. వాగు దాటిన ఈ కుర్రాడిది తొందర తొందరగా, ఒత్తులు ఎగిరిపోయే రాత. వాళ్ళకు అక్కడ చాకిరీతోనే సరిపోతుంది, కూర్చుని రాసే ఓపికెక్కడిది? మీరే రాసెయ్యండి సార్ అని ఎప్పుడో అప్పజెప్పేశారు. ఇరవై ఆరుగురి రాతలు ఆయన చేతిలో ఉన్నాయి. తన సొంత రాత ఎలా ఉంటుందో మటుకు ఈ మధ్య ఆయనకే సరిగ్గా గుర్తు రావడం లేదు.

ఈ మిషన్‌లో జీతం అన్న మాట వాడరు. కొండలకు వెళ్ళదలచినవాడి ఫొటో ఒకటి తీసి, వెనక నాలుగు వాక్యాలు వేసి, ప్రార్థన కార్డు అచ్చు వేయిస్తారు. అతను ఆ కార్డులు సంచిలో వేసుకుని మందిరం మందిరం తిరిగి, తనకు కలిగిన పిలుపు గురించి నలుగురి ముందూ చెప్పుకోవాలి. విన్నవాళ్ళలో మనసు కరిగినవాళ్ళు నెలకొక వంతు ఇస్తామని పేరు రాయిస్తారు. వాళ్ళను భాగస్థులంటారు. నలభై వంతులు నిండితే మనిషి కొండెక్కుతాడు. నిండకపోతే ఎక్కడు. అంతే నియమం. ఎక్కినవాడు అక్కడ నిలవాలంటే భాగస్థులు జారిపోకూడదు. వాళ్ళు జారిపోకుండా ఉండాలంటే నెలనెలా ఉత్తరం అందాలి. మెట్ల కింద గది అందుకే పుట్టింది.

ఉత్తరాలాయన కూడా ఒకప్పుడు కార్డు మీది మనిషే. ఇరవై అయిదేళ్ళ వయసు, సన్నటి మీసం, అరువు తెచ్చుకున్న కోటు. పుట్టుకతోనే ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. ఫొటో తీసినవాడు ఎంత సర్దినా అది పైకి లేవలేదు. ఐదొందల కార్డులు అచ్చయ్యాయి. రెండేళ్ళు తిరిగాడు. మనిషి మంచివాడేగాని, మందిరంలో నలుగురి ముందు నిలబడితే గొంతు పెగిలేది కాదు. పదిహేను నిమిషాలు మాట్లాడమంటే రెండు నిమిషాల్లో చెమటలు కక్కి కూర్చునేవాడు. ఆ రెండు నిమిషాలకే జాలిపడి పేరు రాయించినవాళ్ళు ఇరవై ముగ్గురు. అక్కడితో లెక్క ఆగింది. అప్పటి పెద్దాయన భుజం తట్టి, "నిండేదాకా ఈ ఉత్తరాలు చూస్తూ ఉండు నాయనా, రాత బాగుంది నీది" అన్నాడు. ఆ నిండేదాకా ఇవాళ్టికీ అవలేదు. పెద్దాయన పోయి కూడా పద్దెనిమిదేళ్ళు దాటింది.

తన భాగస్థులు ఇరవై ముగ్గురికీ తను వెళ్ళడం లేదన్న ఉత్తరం రాసే పని కూడా ఉత్తరాల గదిదే అయింది. అంటే తనదే. దానికీ ఒక పద్ధతి ఉంది. వెళ్ళడం లేదు అని మొహాన కొట్టినట్టు రాయకూడదు. "మన సహోదరుడు ప్రభువు సమయం కోసం ఇంకా కనిపెట్టుకుని ఉన్నాడు" అని రాయాలి. అలాగే రాశాడు. ఇరవై ఇద్దరికి సంగతి అర్థమై, తమ వంతులు వేరేవాళ్ళకు మార్పించుకున్నారు. ఇరవై మూడో మనిషి ఒక దర్జీ ఆవిడ. చదువు రాదు. పక్కింటివాళ్ళ చేత చదివించుకుంటుంది, రాయించుకుంటుంది. ఆరు నెలలు చూసి, కనిపెట్టుకుని ఉండటం ఈపాటికి అయిపోయి ఉంటుందిలే అనుకుని, కొండల్లో చలికి ఒక కోటు కుట్టి పంపింది. "కార్డులో ఫొటో చూసి కుట్టాను బాబూ, కొలత కుదిరిందో లేదో రాయి" అని చీటీ.

ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయడానికి ముఖం చెల్లలేదు. "కొలత బాగా కుదిరిందమ్మా. ఇక్కడ చలి బాగా ఉంది" అని రాశాడు. ఆ ఒక్క ముక్కే. ఒక్కసారికే అనుకున్నాడు. మరుసటి నెల ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు రాయక తప్పలేదు, ఆ పై నెల ఇంకో దానికి. అలా ముప్ఫై ఏళ్ళకు పైగా గడిచిపోయాయి. ఆవిడ వంతు సొమ్ము నియమం ప్రకారం ఎవరికి తక్కువ పడితే వాళ్ళకు చేరుతూనే ఉంది. ఒక్క కాసు పక్కదారి పట్టలేదు. పక్కదారి పట్టింది ఉత్తరమొక్కటే. నర్సమ్మ జ్వరం, పంతులు మేక, కుర్రాడి వాగు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళవి కొంచెం కొంచెం అరువు తెచ్చి, తను ఎన్నడూ చూడని కొండల మీద తన కాపురం తనే కట్టుకొచ్చాడు.

రెండేళ్ళకొకటి చొప్పున కోట్లు వస్తూనే ఉన్నాయి. పదిహేను. వాటిని కొండలకు పంపించేసేవాడు. అక్కడి సన్నపాటి కుర్రాళ్ళకు అవి బ్రహ్మాండంగా సరిపోయేవి. ఒక్కటే ఫిర్యాదు. "కోటు చాలా బాగుంది సార్, ఎడమ భుజంలో మాత్రం దూది ఎందుకో ఎక్కువ పెట్టారు, తీసేశాను" అని పదిహేనుమందీ రాశారు. ఎందుకో ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఒక్క భార్యకు తెలుసు.

ఇవాళ పొద్దున భార్య టీ గ్లాసు చేతికిస్తూ, "మీ చలికోటమ్మ ఈ ఏడు ఇంకా కోటు పంపలేదేమండీ?" అంది. "ఆవిడ పెద్దదైపోయిందిగా" అన్నాడు. "మీరు మటుకు కుర్రాడిలాగే ఉన్నారు, ఆవిడ లెక్కలో" అని నవ్వి, ఆయన ఎడమ భుజం మీది చొక్కా మడత అలవాటుగా సర్దింది. ఎప్పుడూ ఎవరిదో సంచి మోస్తున్నట్టుంటారని భార్య వేళాకోళం చేస్తుంది.

పదకొండు గంటలకు నెత్తిమీద అడుగులు దిగాయి. ఇన్‌చార్జి గారివి. ముప్ఫై అయిదేళ్ళవాడు, మర్యాదస్థుడు, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటాడు. తలుపు బల్లకు తగిలేదాకా తీసి, సందులోంచి తల పెట్టాడు.

"ఎవరో ఫోన్ చేశారండీ. కొండల్లో మన పనివాడు ఒకాయన ఉన్నాడు, ఆయన కావాలంటోంది. పేరు చెప్పింది. అలాంటి పేరుతో మనకెవరూ లేరన్నాను. పాత మనిషేమో, మీకు తెలుస్తుందేమోనని..."

పేరు చెప్పాడు. అది ఉత్తరాలాయన పేరే. ఆఫీసులో ఆయన్ని పేరుపెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో, ఈ ఇన్‌చార్జి వచ్చాక ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

"తెలుసు," అన్నాడు ఉత్తరాలాయన. "ఒకప్పుడు కొండలకు వెళ్దామనుకున్నాడు."

"వెళ్ళలేదా?"

"నిండలేదు."

"అయ్యో పాపం," అన్నాడు ఇన్‌చార్జి. నిజంగానే అన్నాడు. మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

ఫోన్ వరండాలో ఉంది, రిసీవరు ఇంకా పక్కన పెట్టే ఉంది. అవతల దర్జీ ఆవిడ కూతురు. గొంతు బాగా అలిసిపోయి ఉంది.

"మా అమ్మకు బాగాలేదండీ. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు డాక్టరుగారు. ఆయన్ని ఒక్కసారి చూడాలంటోంది. కొండల నుంచి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?"

ఎన్నాళ్ళు? ఇక్కడి నుంచి ఆ వీధికి బస్సులో నలభై నిమిషాలు.

"పడుతుందమ్మా," అన్నాడు.

"అంత టైము లేదండీ. పోనీ ఆఫీసు నుంచి ఎవరినైనా పంపిస్తారా? కోటు ఒకటి కుట్టింది ఆయనకు. ఎవరి చేతికైనా ఇస్తేగాని ప్రాణం కుదుటపడేట్టు లేదు."

"నేనొస్తాను," అన్నాడు. ఆ మాట తనే అన్నాడా అని తర్వాత ఆయనకే అనుమానం వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాట కూర్చుకుంటూనే ఉన్నాడు. అమ్మా, ఆ కొండల మనిషిని నేనే. అమ్మా, నేను కొండలకు వెళ్ళలేదు. రెండోది ముందు చెప్పాలా, మొదటిది ముందు చెప్పాలా? ఊరందరి తరఫునా రాసిన చేతికి తన సొంత వాక్యం ఒకటి కుదరడం లేదు. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాడు. ఆవిడ అబద్ధం పట్టుకుని పోకూడదు. ప్రాణం ఉండగానే చెప్పెయ్యాలి. తిట్టినా సరే, మొహం తిప్పుకున్నా సరే.

ఇల్లు ఒకటే గది. రెండో అంతస్తు, ఇనుప మెట్లు. కిటికీ కింద కుట్టుమిషను, దాని చక్రం మీద చేయి ఆనీ ఆనీ నల్లరంగు పోయి లోపలి ఇనుము తళతళలాడుతోంది. నేల మీద దారం ముక్కలు. మంచం మిషనుకు ఆనించి వేశారు. ఆవిడ దిండుకు ఆనుకుని ఉంది, చాలా చిన్నదిగా, దుప్పటిలో మనిషి ఉందా అన్నట్టు. కళ్ళు రెండూ మసక. చేతులు మాత్రం బతికే ఉన్నాయి. దుప్పటి అంచును వేళ్ళతో తడుముతూ, ఎవరో కుట్టిన కుట్టు లెక్కపెడుతున్నట్టు ఉంది.

మిషను పైన గోడకు కార్డు. ముప్ఫై ఏళ్ళ ఎండకు ముఖం వెలిసిపోయింది. కళ్ళూ మీసమూ ఉండీ లేనట్టున్నాయి. కోటు ముదురు రంగుది గనుక భుజాలు మటుకు స్పష్టంగా మిగిలాయి. ఎడమది కిందికి.

"వందనాలమ్మా. ఆఫీసు నుంచి వచ్చాను."

"వందనాలు నాయనా. కూర్చో. ఏమే, కుర్చీ వెయ్యి." ఆవిడ గొంతు సన్నగా ఉన్నా తడబాటు లేదు. "ఆయన్ని నువ్వెప్పుడైనా చూశావా?"

"చూశానమ్మా."

"ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. జుట్టు పల్చబడింది."

"కొండలెక్కే మనిషికి ఒళ్ళెలా వస్తుందయ్యా?"

కూతురు గోడకానుకుని, టీ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"ఎక్కడం... మానేశాడమ్మా."

"ఎప్పుడు?"

"చాలా కాలమైంది."

ఇదే సమయం. ఇంతకంటే దగ్గరికి మాట ఎన్నడూ రాలేదు. నోరు తెరిచాడు. సరిగ్గా మందిరంలో నలుగురి ముందూ నిలబడ్డప్పుడు పట్టేసినట్టే గొంతు పట్టేసింది. ఈలోగా ఆవిడే అందుకుంది.

"మోకాళ్ళా?"

"...మోకాళ్ళేనమ్మా."

"అనుకున్నా. ఎప్పుడు రాసినా వాగూ, మోకాలి లోతు నీళ్ళూనాయె. ఆ చన్నీళ్ళలో నానీ నానీ కీళ్ళు పోక ఏం చేస్తాయి? ఎన్నిసార్లు రాయించాను, కాస్త చుట్టు తిరిగైనా వంతెన మీద వెళ్ళు బాబూ అని. వింటేనా?"

కూతురు నవ్వాపుకుంది. ఆయనకు నవ్వు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ముందు కూడా మోకాళ్ళ చాటున దాక్కున్నాడు.

"ఆ కోటు తియ్యవే," అంది ఆవిడ.

ముదురు గోధుమరంగు, మందపాటి గుడ్డ. బొత్తాలు ఇంకా కుట్టలేదు. కూతురు చెప్పింది, నాలుగు నెలలుగా కుడుతోందట. కళ్ళు కనపడకపోయినా తడిమి తడిమి కుట్టిందట. చెయ్యి పెట్టబోతే కసిరిందట.

"నువ్వొకసారి తొడుక్కో నాయనా. మనిషి మీద చూడకుండా ఏ బట్టా ఇంటి గడప దాటించలేదు నేను. ఆయనకొక్కడికే, ఎన్నడూ ఒంటి మీద చూడకుండా కుట్టింది. నువ్వూ ఇంచుమించు ఆ ఈడువాడివేగా, గొంతు వింటే."

ఆయన లేచి తొడుక్కున్నాడు. చేతులు దూరాయిగాని ముందు రెండు అంచులూ కలవలేదు. పొట్ట దగ్గర బెత్తెడు ఎడం. పాతికేళ్ళ కుర్రాడి కోటు.

"ఇలా వంగు."

వంగాడు. ఆవిడ రెండు చేతులూ ముందు అంచులు పట్టుకుని లాగి చూశాయి. ఎంత తక్కువ పడిందో వేళ్ళతో కొలుచుకున్నాయి. చంకల కింద తడిమాయి. ఆ తర్వాత పైకి వచ్చి భుజాల మీద ఆగాయి. కుడి భుజం మీది చెయ్యి వెంటనే తీసేసింది. ఎడమ భుజం మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది. దూది ఎక్కువ పెట్టిన చోటు. పదిహేనుమంది ఎందుకిదని తీసి పారేసిన చోటు. అక్కడ ఇవాళ ఒక్క మడత లేదు, ఒక్క ఎత్తుపల్లం లేదు. గుడ్డ ఒంటికి అంటుకుని కూర్చుంది.

కింద వీధిలో ఎవడో పాతసామాన్లు కొంటానని అరుచుకుంటూ పోతున్నాడు. ఆ అరుపు సందు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఆ తర్వాత రెండుసార్లు మెల్లిగా తట్టింది.

"భుజం కుదిరింది," అంది.

"అమ్మా..." అన్నాడు ఆయన.

"విప్పెయ్ నాయనా. బొత్తాలు కుట్టాలి. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు."

"బొత్తాలే కదమ్మా, నేనిప్పుడే కుట్టేస్తా. ఆయన్ని మళ్ళీ తిప్పడమెందుకు?" అంది కూతురు.

"సాయంత్రం రమ్మను," అని కళ్ళు మూసుకుంది ఆవిడ. అది దర్జీలు ఎవరితోనైనా అనే మాట. ఇన్నేళ్ళలో ఎన్ని వేలమందితో అని ఉంటుందో.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి రెండు దాటింది. తెచ్చుకున్న రొట్టె డబ్బాలో అలాగే ఉంది. తినబుద్ధి కాలేదు. వాగు ఉత్తరం సగంలో ఉంది. దాన్ని పక్కకు నెట్టి తెల్లకాగితం తీశాడు. నోటితో చెప్పలేనిది రాసి ఇద్దామనుకున్నాడు. కూతురు చదివి వినిపిస్తుంది. తను ఎదురుగా కూర్చుంటాడు, పారిపోకుండా.

ఏ సిరా? నీలం నర్సమ్మది, నలుపు పంతులుది. ఏ సీసా మూత తీసినా ఎవరో ఒకరు బయటికొస్తున్నారు. చివరికి కవర్ల మీద చిరునామాలు రాసే బాల్‌పాయింట్ పెన్ను తీశాడు. మొదటి అక్షరం గుండ్రంగా వచ్చింది, కొట్టేశాడు. రెండోసారి కుడివైపు వాలింది. మూడో కాగితం మీద చిన్నపిల్లవాడిలా నెమ్మదిగా దిద్దుకుంటూ రాశాడు. కాస్త వణుకుతూ, ఎటూ వాలని ఒక రాత వచ్చింది. ఇదే కాబోలు అనుకున్నాడు.

"అమ్మా, నేను కొండలకు వెళ్ళలేదు. వంతులు నిండలేదు. మీరు కుట్టిన కోట్లన్నీ కొండల్లోనే ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చింది నేనే."

కింద పేరు రాశాడు. ఇంకేం రాయాలో తోచలేదు. ఎవరెవరివో నాలుగు ముక్కల్ని రెండు పేజీలు చేసిన మనిషికి, తన విషయం వచ్చేసరికి నాలుగు ముక్కలే వచ్చాయి. మడిచి కవర్లో పెట్టి జిగురు రాశాడు.

నాలుగున్నరకు బయల్దేరుతుంటే ఇన్‌చార్జి మెట్ల మీద ఎదురయ్యాడు. "వాగు ఉత్తరం అయిందాండీ? రేపు పంపాలి."

"అవుతుంది," అన్నాడు.

"మొన్న ఇంకో ముగ్గురు భాగస్థులు పోయారట. అందరూ ముసలివాళ్ళే అయిపోతున్నారు మనకు. కొత్తవాళ్ళు ఉత్తరాలు చదవరు." ఇన్‌చార్జి కళ్ళు నులుముకున్నాడు. "ఆ కుర్రాడికి వంతులు తగ్గిపోతున్నాయి. కాస్త గట్టిగా రాయండి, నీళ్ళు కొంచెం లోతు చెయ్యండి."

"మోకాలి లోతేనండీ," అన్నాడు ఉత్తరాలాయన. అంత ఖండితంగా ఆయన మాట్లాడటం ఇన్‌చార్జి ఎప్పుడూ వినలేదు.

ఇనుప మెట్ల దగ్గరికి వచ్చేసరికి సాయంకాలపు ఎండ పైమెట్టు మీద మాత్రమే మిగిలింది. మెట్ల పక్కన చెప్పులు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం రెండే జతలు. ఆయన ఆ చెప్పుల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. కాళ్ళలో సత్తువ పోయింది. నిజంగానే మోకాళ్ళు.

పైన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడవారన కూర్చున్నారు. ఏడుపులు లేవు. దుప్పటి సరిగ్గా, మడత పడకుండా కప్పారు. కూతురు లేచి వచ్చింది. ఏడ్చిన కళ్ళేగాని ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"మూడున్నరకండీ. నిద్రపోతోందనుకున్నాను," అంది. "మీరు వెళ్ళాక లేచి కూర్చుంది. పది రోజులుగా కూర్చున్న మనిషి కాదు. కోటు అడిగింది. ప్రక్క కుట్లు మొత్తం విప్పేసింది. ఎందుకమ్మా ఇప్పుడు అంటే, లోపల గుడ్డ వదిలాను, వదులు చెయ్యొచ్చు అంది. ఒకటే పట్టు. నేను దారం ఎక్కించి ఇస్తుంటే తనే కుట్టింది, చేత్తోనే. ఎవరికమ్మా ఇంత వెడల్పు అన్నాను."

ఉత్తరాలాయన ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

"'ఎవరికేమిటే, ఆయనకే' అంది. 'మోకాళ్ళ నొప్పులట, కొండలెక్కడం మానేశాడట, ఒళ్ళు రాదూ మరి?' అంది. బొత్తాలు నా చేత కుట్టించింది."

ఆయనకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. కూతురు కాస్త ఆశ్చర్యంగా చూసి, ఆఫీసువాళ్ళకు కూడా ఇంత ప్రేమ ఉంటుందా అనుకుందో ఏమో, తన పైట చెంగుతో తనూ కళ్ళు తుడుచుకుంది. ఆయన చేతిలో కవరు అప్పుడు చూసింది.

"ఆయన రాశారా?"

"అవునమ్మా. ఆయనే రాశాడు."

"చదవనా?"

ఆమె మంచం వైపు చూసింది, కవరు వైపు చూసింది.

"పోనీ, అమ్మ దగ్గర పెట్టెయ్యనా? ఎప్పుడూ ముందు తను చేత్తో తడిమి చూశాకే మమ్మల్ని విప్పనిచ్చేది."

"పెట్టెయ్యమ్మా," అన్నాడు.

దుప్పటి కొంచెం తొలగించి, కవరును ఆ చేతికింద పెట్టింది. విప్పకుండానే. ఆ వేళ్ళకు ఇంకా ఒక దారపు పోగు చుట్టుకుని ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు.

వెళ్తూంటే కోటు కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఆయనకు చేర్చండి," అంది.

"చేరుస్తానమ్మా."

బస్టాపులో చలిగాలి కొడుతోంది. బస్సు ఆలస్యం. ఆయన కాగితం విప్పి, మడిచి జేబులో పెట్టుకుని, కోటు తొడుక్కున్నాడు. బొత్తాలు పైనుంచి కిందిదాకా పడ్డాయి, ఎక్కడా బిగుతు లేదు. ఇంటికెళ్తే భార్య ఏమంటుందో అనుకున్నాడు. రేపు ఆ వాగు ఉత్తరం పూర్తి చెయ్యాలి అనుకున్నాడు. కుర్రాడికి తగ్గిన వంతుల్లో ఒకటి ఇక తన పేరున రాయించాలి అనీ అనుకున్నాడు.

బస్టాపు దీపం వెలిగింది. చెయ్యెత్తి చంక కింద చూసుకున్నాడు. కొత్త కుట్టు అక్కడక్కడ వంకర పోయినా గట్టిగానే ఉంది. దానికి వేలెడు దూరంలో, విప్పేసిన పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు, పాతికేళ్ళ కుర్రాడి కొలతకు, చంక నుంచి నడుము దాకా తిన్నగా ఒకే వరసలో మిగిలి ఉన్నాయి.